చూసేసిన ఊరు

ఎక్స్‌పో స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. పాసిర్ రిస్ అంకుల్ వాళ్ళమ్మాయి. "అన్నా, నైనా పోయాడు. మార్నింగే. స్లీప్‌లోనే" అంది. వాళ్ళింట్లో నాన్నని నైనా అంటారు. ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు, ఎవరెవరికి చెప్పాలో వరసగా చెప్పుకుంటూ వస్తున్న అలసట ఉంది. వస్తానన్నాను. రైలొచ్చింది, ఎక్కలేదు. ఇంకోటొచ్చింది, అదీ ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయనకి చెప్పవలసిన మాట ఒకటి ఆరేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక వినడానికి ఆ మనిషి లేడు.

నేను సింగపూర్ వచ్చిన కొత్తలో, చాంగీ బిజినెస్ పార్కు మనవాళ్ళతో నిండిపోతున్న రోజుల్లో, పాసిర్ రిస్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. తెలుగువాళ్ళిల్లు అని ఎవరో చెబితే వెళ్ళాను. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, నుదుట విబూది పెట్టుకున్న పెద్దాయన తలుపు తీశాడు. నన్ను ఎగాదిగా చూసి "సుదా మకాన్?" అన్నాడు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. లోపల్నుంచి ఆంటీ "తిన్నావా అని అడగతా ఉండాడు, లోపలికి రా నాయనా" అని కేకేసింది. ఇదా తెలుగిల్లు, సరిపోయింది అనుకున్నాను.

తెలుగిల్లే. కాకపోతే ఆయనా, ఆయన నాన్నా, ఆ పైన తాతా అందరూ ఈ దీవిలోనే పుట్టారు. హార్బర్లో క్రేను నడిపి రిటైరైన మనిషి. తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. మాట్లాడేది వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు. అందులోకి అరవం, మలాయీ, ఇంగ్లీషు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోయేవి. నన్ను 'తంబీ' అనేవాడు. "నీది టీవీ తెలుగు తంబీ. నాది అవ్వ తెలుగు. ఏది ఒరిజినల్, నువ్వే చెప్పు" అని ఏడిపించేవాడు.

ఆయనకో అలవాటుండేది. నీళ్ళు తాగుతూ చివరి గుక్క మిగిల్చేవాడు. అందులో రెండు వేళ్ళు ముంచి కళ్ళు తుడుచుకునేవాడు. ముందు కుడి కన్ను, తరవాత ఎడమ. మిగిలిన చుక్కలు విదిలించి గ్లాసు అక్కడికక్కడే బోర్లించేవాడు. ఇంట్లో అయినా, తినడానికి వెళ్ళే హాకర్ సెంటర్లో అయినా ఇదే తంతు. ఆంటీ ముచ్చటపడి కొన్న డైనింగ్ టేబుల్ నిండా ఏడాది తిరక్కుండానే గుండ్రటి మచ్చలు పడ్డాయి. "ఈ మనిషికి నీళ్ళు తాగేది కూడా పూజే" అని ఆవిడ విసుక్కునేది. ఎందుకలా అని నేనడిగితే "నైనా చేసేవాడు, తాత చేసేవాడు. ముత్తాత పటాలంలో నేర్చుకున్నాడంట. అప్పుడంతా దుమ్ము గదా" అన్నాడు. ఆ ముత్తాత మద్రాసు పటాలంతో ఇక్కడికొచ్చిన సిపాయి. పటాలం తిరిగి వెళ్ళిపోయినా తను ఆగిపోయాడు. అంతకు మించి ఆయన గురించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఒక రేకుపెట్టె, అందులో ఒక తెలుగు కాయితం మిగిలాయి.

నోరూరుకోక దీన్నంతా మొదలుపెట్టింది నేనే. మా ఆఫీసుకి మూడు నెలల పనిమీద అమెరికా నుంచి ఒక మేనేజరు దిగాడు. మహానుభావుడు లంచ్‌కి కూర్చుంటే ప్రాజెక్టు మాట ఎత్తేవాడు కాదు, తన పూర్వీకుల గోలే. వాళ్ళ దేశ స్వాతంత్ర్యం కోసం జరిగిన యుద్ధంలో వాళ్ళ తాతల తాత ఒకడు సిపాయట. ముసలితనంలో పింఛను కోసం కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాటలు దొరికాయట. తన ఆస్తి ఒక ఆవు, రెండు ఇనప కుండలు అని రాయించిన జాబితా దొరికిందట. సైన్యంలో చేసినందుకు ఇచ్చిన భూమి పత్రం, ఆయన పోయాక భార్య పెళ్ళికి రుజువుగా ఇంట్లోని బైబిల్లోంచి చింపి పంపిన పేజీ, అన్నిటి జిరాక్సులూ ఒక ఫోల్డర్లో పెట్టుకుని తిరిగేవాడు. పటాలంవాడూ శిస్తువాడూ కాయితం పారెయ్యరు, కావలసిందల్లా మనకి ఓపిక అని అతని సిద్ధాంతం.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ఇది నవ్వులాటకి చెప్పాను. అంకుల్ నమలడం ఆపేశాడు.

"ఇనప కుండలు కూడా రాసినారా?"

"రాశారంకుల్."

"మనది కూడా తెల్లోడి పటాలమే గదా తంబీ. అక్కడ కుండలు రాసినోడు, ఇక్కడ మనుషుల్ని రాయకుండా ఉంటాడా?"

సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. రేకుపెట్టె తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు.

మడతల మీద చిరిగిపోయిన కాయితం. గొలుసుకట్టు రాత. నాకు నాలుగో వంతు కూడా అర్థం కాలేదు గానీ, తెలుగు రాదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. భూతద్దం పెట్టుకుని మూడు ఆదివారాలు ఒక్కో ముక్కా కూడబలుక్కున్నాను. ఒక మెట్టచెక్కకి పట్టా అది, పోలయ్య కొడుకు సింహాద్రి పేరున. ఊరి పేరు ఉండవలసిన చోట పురుగు తినేసింది. పోలయ్య అని చదవగానే ఆయన "మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. "అప్పుడు మా ముత్తాతకి నైనా పేరు పోలయ్యా?" అవునన్నాను. ఆంటీని పిలిచి చెప్పాడు. జురాంగ్ వెస్ట్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడు లిఫ్టులో పక్క ఫ్లాటు చైనా ముసలాయనతో "మై గ్రేట్ గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ ఈజ్ పోలయ్య, యూ నో" అనడం నేను కళ్ళారా చూశాను. ఆయన పాపం "ఓ, వెరీ గుడ్ లా" అన్నాడు.

"ఇదంతా ఎందుకంకుల్, ఆ భూమి కావాలా?" అని ఒకసారి అడిగాను. చిన్నబుచ్చుకున్నాడు.

"భూమి ఏం చేసుకుంటా? మన్ను తెచ్చి పదో ఫ్లోర్లో పోసుకుంటానా? నైనా పోయే ముందు ఒక్క మాట చెప్పినాడు తంబీ. మనం బతికే ఉండామని ఊళ్ళో చెప్పు అన్నాడు. ముత్తాత ఒక్క ఉత్తరం ఎయ్యలేదంట. చచ్చిపోయినాడని అనుకుని ఉంటారు గదా వాళ్ళు? లేదు, బతికినాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఇంతమందిమి ఉండాము. అది చెప్పాల. చెప్పేసి వచ్చేస్తా. అంతే."

హాకర్ సెంటర్లో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకోవడాన్ని ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. ప్యాకెట్ ఉంటే ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఆయన ప్యాకెట్ పెట్టినప్పుడల్లా నాకేసి చూసి నవ్వేవాడు. "ముత్తాత ఊళ్ళో పట్టా పెట్టి చోప్ చేసి వచ్చినాడు తంబీ. మన చోటు అక్కడే ఉంటాది, చూడు" అనేవాడు.

ఇక ఆ మనిషి ఆగలేదు. లైబ్రరీలో మైక్రోఫిల్ములు చూడ్డానికి వారానికి రెండుసార్లు బయల్దేరేవాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, తలకి నూనె. "పెళ్ళికా?" అని ఆంటీ ఎగతాళి చేస్తే "పెద్దోళ్ళని చూడ్డానికి పోతా ఉండా. లుంగీలో పోతే బాగుంటాదా?" అనేవాడు. లండన్‌కి ఉత్తరాలు రాశాడు, నెలలకి నెలలు ఎదురు చూశాడు. చివరికి పటాలం సిపాయిల జాబితా నకలు ఒకటి వచ్చింది. సింహాద్రి, తండ్రి పోలయ్య, ఎత్తు ఇంత, ఎడమ కనుబొమ మీద మచ్చ, ఊరు రేగులవలస. అది చదివి ఆయన అద్దం దగ్గరికి పరిగెత్తి తన కనుబొమ చూసుకున్నాడు. "మచ్చలు వంశంలో రావంకుల్" అని నేను పడీపడీ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు కూడా నాకు ముల్లులాగే ఉంది.

జాబితాలో రాసిన తాలూకాలో రేగులవలసలు మూడున్నాయి. అప్పుడే నేను సెలవు మీద ఇంటికి వెళ్తున్నాను. వాటిలో హైవే పక్కన ఉన్నదానికి ముందు వెళ్ళి చూసొస్తానన్నాను. ఆయన స్టూడియోలో వాళ్ళ నాన్న ఫొటోకి కాపీ తీయించి నా చేతిలో పెట్టాడు. "ఇది చూపించి ఆ ఒక్క మాట చెప్పు. మనోళ్ళయితే ఇచ్చేసి రా. ఇంకేం వొద్దు. మొహం చూస్తే తెలీదా మనోళ్ళు?"

మొహం చూస్తే తెలిసేదానికి ఇన్ని కాయితాలెందుకు అనుకున్నాను. రుజువు లేనిదే ఒక్క బగ్గు కూడా క్లోజ్ చెయ్యని ఉద్యోగం నాది. పైగా ఆ అమెరికావాడి ఫోల్డరు కళ్ళ ముందు ఆడుతోంది. పట్టాకి జిరాక్సు తీసి, ఆయనకి చెప్పకుండా బ్యాగులో పెట్టుకున్నాను.

బస్సు దిగేసరికి ఊరి పొలాల్లో సగం పొలాలకి తెల్ల రాళ్ళు పాతేసి ఉన్నాయి. లేఅవుట్ల బోర్డులు. టీ కొట్టు దగ్గర సింహాద్రి, పటాలం అనగానే "పటాలపోళ్ళిల్లా? అదిగో" అని చూపించారు. పరుగులాంటి నడకతో వెళ్ళాను. అరుగు మీద ఒక ముసలమ్మ, పక్కన యాభై ఏళ్ళ కొడుకు. "కూకో బావూ" అంది ఆవిడ. నేనడిగినదానికి తడుముకోకుండా చెప్పింది.

"మా మావగారి తాతకి తమ్ముడు ఆ సింహాద్రి. పటాలంతోటి ఓడెక్కి ఎల్లిపోనాడు. పన్నెండేళ్ళు సూసినారట. కబురు నేదు, కాకరకాయ నేదు. అప్పుడు దర్భలతోటి బొమ్మ సేసి, దానికి నిప్పెట్టి, కర్మ సేసేసినారు. మరుసటేడు పుట్టిన పిల్లడికి ఆ పేరే ఎట్టినారు. అప్పట్నించీ మా ఇంట్లో తరం ఇడిసి తరం సింహాద్రే. ఈడూ సింహాద్రే" అని కొడుకుని చూపించింది.

ఆయన చచ్చిపోలేదమ్మా, సింగపూర్లో బతికాడు, ఇదిగో ఆయన మనవడు అని ఫొటో ఇచ్చాను. ఆవిడ కళ్ళ దగ్గరికి పెట్టుకుంది. "ఓలమ్మో, మా మావగారి మొకమే! అదే ముక్కు!" కొడుకు కూడా వంగి చూశాడు. నవ్వాడు. "ఎంత దూరంనించి వొచ్చినారు బావూ" అని లోపలికి నీళ్ళ కోసం కేకేశాడు. అప్పటికి పని అయిపోయింది. చెప్పవలసిన మాట చెప్పేశాను, వాళ్ళు నమ్మేశారు. నీళ్ళు తాగి లేచి వచ్చేస్తే సరిపోయేది.

"రుజువు కూడా ఉందండీ" అన్నాను. బ్యాగు తెరిచి పట్టా జిరాక్సు అతని చేతిలో పెట్టాను.

అతను హద్దుల దగ్గర వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "ఇది రోడ్డు పక్క సెక్క" అన్నాడు. తరవాత "ఎంతమందున్నారు అక్కడ ఈయన తాలూకా?" అని అడిగాడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఇంకా సంబరంలోనే ఉన్నాను. "ఇరవై మందికి పైనే!" అన్నాను.

"అమ్మా, నువ్ లోపలికెల్లు."

"ఏటిరా, ఆ బాబుని..."

"ఎల్లమన్నానా."

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఫొటో ఆవిడ చేతిలోనే ఉంది.

"సూడు బావూ" అన్నాడతను. "ఆ సింహాద్రి మా ఇంట్లో సచ్చిపోనాడు. కర్మయిపోనాది. సచ్చిపోనోడికి పిల్లలేటి? మాకు సింగపూర్లో ఎవుళ్ళూ నేరు."

భూమి కోసం కాదని మొత్తుకున్నాను. ఒట్టేశాను. "మరి కాయితమెందుకు తెచ్చినావు?" అన్నాడు. ఇంతలో వాళ్ళావిడ నీళ్ళు తెచ్చింది. నాకివ్వకుండా అతనే గ్లాసు అందుకుని గటగటా తాగాడు. చివరి గుక్క మిగిల్చాడు. రెండు వేళ్ళు ముంచాడు. కుడి కన్ను తుడుచుకున్నాడు, ఎడమ కన్ను తుడుచుకున్నాడు. చుక్కలు విదిలించి గ్లాసు అరుగు మీద బోర్లించాడు. "నేరు" అన్నాడు మళ్ళీ.

నేను తిరిగొచ్చిన రోజు అంకుల్ ఎయిర్‌పోర్టుకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు. నన్ను చూడగానే "చెప్పినావా?" అన్నాడు.

"అది మన ఊరు కాదంకుల్. పటాలం పేరే వాళ్ళెప్పుడూ వినలేదట."

"ఫొటో?"

"బస్సులో పోయింది."

 నా బ్యాగు అందుకున్నాడు. "సరి తంబీ. ఇంకా రెండుండాయి గదా. సుదా మకాన్?"

ఆయన మనసు నొచ్చుకుంటుందని అబద్ధమాడానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే. చచ్చిపోయినవాడికి పిల్లలేమిటన్న మాట ఆయనకి చేరవెయ్యడం కష్టమే. కానీ అంతకంటే, అది నా మూలానే వచ్చిందని, చెప్పకుండా కాయితం తీసుకెళ్ళి అయిపోయిన పని చెడగొట్టానని ఒప్పుకోవడం ఇంకా కష్టం. సిగ్గే ఎక్కువ. రేపు చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకున్నాను. నాకు పెళ్ళయింది, టాంపినీస్ మారిపోయాను. అక్కణ్ణించి పాసిర్ రిస్ ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను వెళ్ళడానికి నాకు ఎప్పుడూ ఆఫీసులో ఏదో ఒక రిలీజు అడ్డం వచ్చేది.

వెళ్ళినప్పుడల్లా ఆయన పాత క్యాలెండర్ల వెనక గీసుకున్న వంశవృక్షం పరిచేవాడు. పైన పోలయ్య, కింద సింహాద్రి. సింహాద్రి పక్కన అన్నదమ్ముల కోసం ఖాళీ గడి ఒకటి ఉండేది, అందులో పెన్సిలుతో ప్రశ్నార్థకం. ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు. ఆంటీ ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి.

ఆంటీ పోయాక, రెండేళ్ళ క్రితం, మోకాళ్ళ నొప్పులతోనే ఆయన ఒక్కడూ ప్రయాణం కట్టాడు. కొండ దిగువన ఉన్న రెండో రేగులవలస చూసొచ్చాడు. నాకు ఫోన్ చేశాడు. "మంచోళ్ళు తంబీ. కూర్చోబెట్టి అన్నం పెట్టినారు. మనోళ్ళు కారు." గొంతు సన్నబడిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. "మూడోది ఉండాది గదా. కాలు కొంచెం బాగైతే" అని ఆయనే ఫోన్ పెట్టేశాడు. నేను తిరిగి చెయ్యలేదు.

దహనం అయిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. డైనింగ్ టేబుల్ మీద ఎర్రగుడ్డ కట్టిన అస్థికల కుండ, చుట్టూ ఆ గుండ్రటి మచ్చలు. అమ్మాయి ఒక నోటుబుక్కు తెచ్చి నాకిచ్చింది. "నైనా హ్యాండ్‌రైటింగ్ నాకు చదవను రాదు అన్నా. నువ్వే కీప్ చేసుకో. వీ డోంట్ నో ఎనీథింగ్" అంది. ఇంగ్లీషులో, క్రేను లాగ్‌బుక్కు రాసినట్టు పొడి పొడి మాటల్లో రాసుకున్నాడు. చివరి పేజీలో మూడు ఊళ్ళు. మొదటిదాన్ని స్కేలు పెట్టి కొట్టేశాడు. పక్కన ఇలా ఉంది: తంబి స్వయంగా వెళ్ళి చూశాడు. మనవాళ్ళు కారు.

రెండోదీ కొట్టేసి ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో ఇంకో రెండు వాక్యాలున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద మొదటి రేగులవలసలో బస్సు పది నిమిషాలు ఆగింది, దాహంగా ఉంటే కిటికీలోంచే నీళ్ళు కొనుక్కుని తాగాను. దిగలేదు, చూసేసిన ఊరే.

ఆ కిటికీ పక్కన ఆయన చివరి గుక్క మిగిల్చే ఉంటాడు. రెండు వేళ్ళూ తడుపుకుని కళ్ళు తుడుచుకునే ఉంటాడు. ఆ పది నిమిషాల్లో ఆ ఊరివాళ్ళలో ఒక్కరు తల తిప్పి చూసినా చాలేది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను.

అమ్మాయి కంగారుపడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నైనాకి ఒకటే ఆశ అన్నా. ఊరు దొరికితే అక్కడ కలపమన్నాడు, ఇంత చిటికెడైనా. దొరకలేదు గదా. సో టుమారో చాంగీ సైడ్ బోట్ బుక్ చేశాము. వాట్ టు డూ" అంది.

"బోటు వద్దమ్మా" అన్నాను.

"వై?"

"ఊరు దొరికింది. మీ తాత ఫొటో కూడా వాళ్ళింట్లోనే ఉంది."

అమ్మాయి కుండకేసి చూసింది, నాకేసి చూసింది.

"ఎప్పుడు దొరికింది?"

గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగలేకపోయాను.

"ఆరేళ్ళయింది" అన్నాను.